నిద్దర్లో తగిలింది

గురువమ్మ ఎడమ కంటి కింద వాపు చూసి రేవులో ఆడవాళ్ళెవరూ ఏమీ అనలేదు. అనకపోవడమే ఆమెకు ఒళ్ళు మండించింది. సోనేపూర్ రేవులో నోరు మూసుకుని పనిచేసే ఆడది ఒక్కతీ లేదు. కవళ్ళ చేపల ధర దగ్గర్నుంచి కొత్త కోడలి నడక దాకా దేన్నీ వదలని మనుషులు, ఆ పొద్దున మాత్రం బుద్ధిగా తలలు వంచుకుని చేపలు ఏరుతున్నారు. పెద్దవి ఐసు పెట్టెలోకి, చితికినవి ఉప్పులోకి, పీతలు విడిగా బకెట్లోకి. గురువమ్మ వంగినప్పుడల్లా కన్ను బరువుగా కిందికి లాగుతోంది.

"మొకానికేటయింది?" అని చివరికి ఆదిలక్ష్మి అడిగింది. ఆదిలక్ష్మి కులపెద్ద కాసులు భార్య, గురువమ్మకి వరసకి అక్క. గురువమ్మ మొగుడు పోతయ్య వేటకెళ్ళే పడవ కూడా వాళ్ళదే.

"నిద్దర్లో తగిలిందప్పా."

చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాట రేవుకి కొత్త కాదు. తలుపు తగిలింది, బోరింగు కాడ జారాను, నిద్దర్లో తగిలింది. మొగుడు చెయ్యి చేసుకున్న ప్రతి ఆడదీ చెప్పే మాటలే ఇవి. ఇంతకు ముందు ఎవరైనా ఆ మాట చెబితే గురువమ్మ కూడా ఇలాగే పక్కదాని మొహం చూసేది. ఇప్పుడు ఖర్మ కాలి తన విషయంలో అదే నిజమైంది.

ఆదిలక్ష్మి లేచి, ఐసు ముక్క ఒకటి గుడ్డలో చుట్టి తెచ్చి గురువమ్మ చెంపకి ఆనించింది. ఎంత ఎండలోనైనా మణికట్టు దాకా చేతులున్న రవిక తొడగడం ఆమె అలవాటు. ఎండ తగిలితే ఒళ్ళంతా పొక్కుతుందని చెబుతుంది. ఆ చేతుల అంచులు ఐసు నీళ్ళకి తడిసిపోయాయి.

"ఇలాటియి దాసకూడదే. దాసేకొద్దీ పెరుగుతాయి. మీ బావకి నాను సెప్తాను."

"ఒద్దప్పా. నిజింగానే నిద్దర్లో తగిలింది."

"అందరం అదే సెప్తాం," అంది ఆదిలక్ష్మి. ఇంకో మాటకు ఆగకుండా ఇంటి దారి పట్టింది.

నిజంగా జరిగిందేమిటంటే, నిన్న మధ్యాహ్నం పోతయ్య వేట నుంచి వచ్చి, అన్నం తిని వసారాలో పడుకున్నాడు. పక్కనే గురువమ్మ నడుం వాల్చింది. కాసేపటికి ఆయన చేతులు గాల్లో ఆడడం మొదలుపెట్టాయి. ఆమె లేచి తప్పుకునే లోపు జుట్టు ఆయన గుప్పిట్లో చిక్కింది. రెండు లాగులు లాగి, మూడోసారి మోచెయ్యి విసిరాడు. ఆమె కేక విని లేచి కూర్చుని, కళ్ళు నులుముకుని, "ఓలమ్మ, మొకమేటే అలగుంది?" అని ఆయనే అడిగాడు. ఆ మనిషిని తిట్టాలో, జాలిపడాలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే గంగమ్మ గుడి అరుగు మీద పెద్దలు కూర్చున్నారు. ఊళ్ళో కాసులుని చెడ్డవాడని ఎవరూ అనరు. మాట మెత్తన. తగువుల్లో గొంతు లేపడు. పడవ వాటాలు తీసేటప్పుడు తన వాటా ఆఖర్న తీసుకుంటాడు. అలాంటివాడు తీర్పు చెబితే కాదనేవాళ్ళుండరు.

"పోతయ్యా, కొట్టినావా, నేదా?"

"కొట్టినానని దాని మొకమే సెప్తందన్నా. నాకు మట్టుకు తెలీదు. నాను నిద్దరోతన్నాను."

"పెళ్ళాం మొకం మీద నీ సెయ్యి పడితే నీకు తెలీదా?"

అరుగు కింద నిలబడ్డ కుర్రాళ్ళు నవ్వారు. గురువమ్మ కొంగు నడుముకి చుట్టుకుని ముందుకొచ్చింది. "బావా, ఈ మనిసి నా మీద సెయ్యెత్తిన పాపాన పోలేదు. నిద్దర్లో వల లాగతాడు. మొన్న నా జుట్టు దొరికింది, లాగినాడు. అంతే."

ఈసారి ముసలివాళ్ళు కూడా నవ్వారు. కాసులు మాత్రం నవ్వలేదు. "ఎనకేసుకొచ్చే పెళ్ళాం దొరికింది నీకు. అలాటిదాన్ని కొట్టినావంటే ఇంకా తప్పు," అన్నాడు జాలిగా. తప్పు కింద డబ్బు కట్టమన్నాడు. శుక్రవారం గంగమ్మ ముందు నీళ్ళు పట్టి ఒట్టు వెయ్యమన్నాడు.

నీళ్ళు పట్టడమంటే, అప్పుడే సముద్రంలో ముంచి తెచ్చిన చెంబులోంచి కుడి అరచేతిలో నీళ్ళు పోస్తారు. చుక్క కారకుండా పట్టుకుని, "ఇంకెప్పుడూ సెయ్యను" అని గంగమ్మకి మాటిచ్చి, ఆ నీళ్ళు నెత్తిన చల్లుకోవాలి. ఆ అరుగు మీద అలా నీళ్ళు పట్టిన మగవాళ్ళు గురువమ్మకి తెలుసు. నెత్తి ఆరకముందే మళ్ళీ చెయ్యెత్తినవాళ్ళు కూడా తెలుసు. అందరూ శుభ్రంగా వేటకెళ్తూనే ఉన్నారు. గంగమ్మ ఎవర్నీ ముంచిన దాఖలా లేదు.

ఇంటికొచ్చేసరికి ఫోను మోగుతోంది. కేరళలో ఐసు ఫ్యాక్టరీలో పనిచేసే కొడుకు బబ్లూ. ఎవడు చేరేశాడో, కబురు అప్పుడే చేరిపోయింది. "నాన్నా, ఈ వయసులో అమ్మ మీద సెయ్యేటి నీకు? నాను ఇక్కడ తలెలగెత్తుకోవాల?" పోతయ్య అంతా విన్నాడు. ఫోను పెళ్ళాం చేతికిచ్చి బయటికెళ్ళి, తడి ఇసుక మీద కూర్చున్నాడు. గురువమ్మకి ఏడుపొచ్చింది గానీ, దాని కంటే ముందు కోపమొచ్చింది. కన్న కొడుకే నమ్మేశాక ఇంక ఊరిని ఏమనుకుని లాభం?

"రేపు పడవ దిగినెంటనే బట్టలు మార్సుకో. బరంపురం ఎల్దాం. నీకేటయిందో సదువుకున్నోల్లు సెప్పాల," అంది.

ఆసుపత్రిలో చీటీ తీసుకునేసరికే పొద్దెక్కిపోయింది. వరండా నిండా జనం. పత్రపూర్ వైపు నుంచి వచ్చిన రైతులు, పిల్లల తల్లులు, స్కానింగు కవర్లు చంకన పెట్టుకున్న ముసలివాళ్ళు. రాత్రంతా సముద్రం మీద ఉండి వచ్చిన పోతయ్య గోడకి చేరగిలబడి అలాగే నిద్రలోకి జారాడు. గురువమ్మ ఆయన చేతికి అందనంత దూరం జరిగి కూర్చుంది. ఆ దూరం ఎంతో ఇప్పుడు ఆమెకి బాగా తెలుసు.

కొంతసేపు ఏమీ లేదు. తర్వాత వేళ్ళు కదిలాయి. కుడి చెయ్యి ముందుకెళ్ళి గాలిని పట్టుకుని వెనక్కి లాగింది, దాని వెనకే ఎడమ చెయ్యి. మళ్ళీ కుడి. మడమ నేలకి తన్నిపెట్టాడు. మెడ నరాలు లేచాయి. పళ్ళ మధ్య నుంచి ఏదో కేక. పక్కనున్న వాళ్ళు చంటిపిల్లల్ని లాక్కుని దూరం జరిగారు. "మద పియిచి కి?" అని ఒడియాలో అడుగుతూ అటెండరు వచ్చాడు, తాగొచ్చాడా అని. భుజం పట్టుకుని ఊపబోయాడు.

"ఆగండి. లేపకండి," అని తెలుగులో ఎవరో అన్నారు. భోజనానికి వెళ్తున్న డాక్టరమ్మ, మెడలో కార్డు, చేతిలో టిఫిను డబ్బా. కార్డు మీద ప్రణతి అని ఉంది. ఆమె డబ్బా కింద పెట్టి, గోడవారగా గొంతుక్కూర్చుని, కన్నార్పకుండా పోతయ్య చేతుల్ని చూసింది.

"ఏం చేస్తున్నారీయన?"

"వల లాగతన్నాడమ్మా."

"రోజూ ఇలాగేనా?"

"రోజూ కాదు. ఒక్కోసారి అరుస్తాడు, తన్నుతాడు. ఇదిగో, ఇది మొన్న తగిలింది," అని గురువమ్మ కన్ను చూపించింది. చూపిస్తూనే, ఈమె కూడా నవ్వుతుందేమోనని ఆమె మొహంలోకి చూసింది. ప్రణతి నవ్వలేదు.

"ముట్టుకోకుండా పేరు పెట్టి పిలవండి."

"మావా! ఓ మావా! పోతయ్యా!" మొగుణ్ణి పేరుపెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆసుపత్రి కదా అని సరిపెట్టుకుంది. ఆయన టక్కున కళ్ళు తెరిచాడు.

"ఇప్పుడేం కలగన్నారు, చెప్పండి," అంది డాక్టరమ్మ.

"వల రాయికి పట్టీసిందమ్మా. తెగిపోతంది. కుర్రోల్లు సూస్తా నిలబడ్డారు గాని సెయ్యెయ్యరు." ఇంకా రొప్పుతూనే ఉన్నాడు.

డాక్టరమ్మ భోజనం మానుకుని వాళ్ళని లోపలికి తీసుకెళ్ళింది. గుచ్చి గుచ్చి అడిగింది. చేతులు చాపించింది, నడిపించింది, వేళ్ళు టపటపలాడించమంది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"చూడండమ్మా, కల వచ్చేటప్పుడు మెదడు నిద్రపోదు. మెలకువలో చేసే పనంతా చేస్తుంది. లాగమంటుంది, పరిగెత్తమంటుంది. కానీ ఆ మాట చేతులకీ కాళ్ళకీ అందకుండా, మెదడు అడుగున, మెడ పైభాగంలో ఒక చోటు అడ్డం పడుతుంది. కల అయ్యేదాకా ఒంటిని కట్టేసి ఉంచుతుంది. అందుకే మనమంతా కదలకుండా పడుకుని కలలు కంటాం. ఈయనకి ఆ కట్టు వదులైంది. కల ఒంట్లోకి దిగిపోతోంది."

"మరి లేసినాక గురుతుండదేటి?"

"నిద్రలో జరిగినదాన్ని మెదడు దాచుకోదు. మధ్యలో లేపితే చెబుతారు, ఇప్పుడు చెప్పారు కదా. లేపకపోతే తెల్లారేసరికి ఏమీ మిగలదు. ఆయన అబద్ధమాడడం లేదు."

"అయితే ఈ మనిసి నన్ను కొట్టనేదు."

"కొట్టలేదు."

"ఇన్నావేటి మావా?" అంది గురువమ్మ. ఆ గదిలో ఇంకెవరైనా ఉంటే బాగుండుననిపించింది. కాసులూ, ఆదిలక్ష్మీ, రేవు రేవంతా, ఫోనులో బబ్లూ అందరూ అక్కడ నిలబడి వింటే బాగుండుననిపించింది. పోతయ్య మాత్రం తల వంచుకుని అరచేతులు చూసుకుంటున్నాడు.

"వాసనలు తెలుస్తున్నాయా మీకు?" అని అడిగింది డాక్టరమ్మ.

"సేపలోడికి వాసనేటి డాట్రమ్మా," అని ఆయన నవ్వాడు. గురువమ్మకి నవ్వు రాలేదు. మొన్నీమధ్య పీతల బకెట్టు కుళ్ళి వీధంతా ముక్కులు మూసుకుంటే, ఈయన దాని పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. ఆ సంగతి చెప్పింది. డాక్టరమ్మ రాసుకుంది. ఇది ఉన్నవాళ్ళలో కొందరికి పోనుపోను చేతులు వణుకుతాయనీ, నడక నెమ్మదిస్తుందనీ, వచ్చి తీరుతుందని కాదు గానీ చూపించుకుంటూ ఉండాలనీ నెమ్మదిగా చెప్పింది. పడుకోబోయే ముందు వేసుకోమని మాత్ర రాసింది. తలకి వైర్లు పెట్టి నిద్రని చూసే పరీక్షకి రోజు చెబుతామంది. ఇద్దరూ వేరువేరుగా పడుకోమంది, కత్తులూ గేలాలూ దగ్గర ఉంచొద్దంది.

"ఇంకోటి. పడవలో మాత్రం నిద్రపోకూడదు. లేచి నీళ్ళలోకి దూకినా ఆయనకి తెలియదు."

పోతయ్య మొహంలో నవ్వు ఆగిపోయింది.

బస్సు హైవే ఎక్కేదాకా గురువమ్మే మాట్లాడింది. అరుగెక్కి ఎవరెవరికి ఏమేం చెప్పాలో అంతా వరసగా చెప్పుకుపోయింది. నవ్విన ముసలాళ్ళని పేరుపేరునా నిలబెట్టి అడుగుతానంది.

"ఊర్లో సెప్పకే," అన్నాడు పోతయ్య.

"ఏటి?"

"ఈ మాట ఊర్లో సెప్పకు. శుక్కరారం నీల్లు పట్టీస్తాను. కొట్టినానని ఒప్పీసుకుంతాను. పోతాది."

"మతి గాని పోనాదేటి నీకు? సెయ్యని తప్పు..."

"పెల్లాన్ని కొట్టినోడ్ని పడవెక్కించుకుంతారే. ఆ పడవలో ఎవుడు కొట్టనోడు? నిద్దర్లో లేసి తన్నీవోడ్ని మట్టుకు ఎవుడూ ఎక్కించుకోడు. ఒడ్డున కూకోబెడతారు. ఒడ్డున నానేటి సేస్తాను?"

ఇంతసేపూ మంచివార్త పట్టుకొస్తున్నానని గురువమ్మ అనుకుంది. దానికి ఇంకో వైపు ఉంటుందని తట్టనే లేదు. "డాట్రమ్మ సెప్పింది మరి? పడవలో పడుకుని నీల్లల్లో పడితేనో?" అంది చివరికి.

"పడుకోను. కాపలా నాదే అంతాను."

పడవ ఎక్కిన ప్రతిసారీ వంతు ప్రకారం పడుకుంటాడని ఆమెకి తెలుసు. పడుకోకుండా ఉండలేడనీ తెలుసు. అయినా ఆ సంగతి బస్సులో అనలేకపోయింది. కిటికీ వైపు తిరిగి, తన్నులు తిన్న పెళ్ళాంగా మిగతా బతుకంతా రేవులో ఎలా తిరగాలా అని ఆలోచించుకుంది. బస్సు దిగేముందు, "సరే, నీ ఇష్టం," అంది.

శుక్రవారం అరుగు ముందు జనం బాగానే చేరారు. ఆడవాళ్ళు ఒక వైపు, మగవాళ్ళు ఒక వైపు. ఆదిలక్ష్మి అందరికంటే ముందు నిలబడింది. తడి లుంగీతో ఒకడు చెంబు పట్టుకొచ్చాడు. పోతయ్య గంగమ్మ వైపు తిరిగి కుడి చెయ్యి చాపాడు. కాసులు తన చేత్తోనే నీళ్ళు పోశాడు.

"తప్పు ఒప్పుకుంటన్నావా?"

"ఒప్పుకుంటన్నానన్నా. కొట్టినాను."

గురువమ్మ పెదవి కొరుక్కుంది. ముప్పై ఏళ్ళలో ఈ మనిషి ఆడిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది. ఎంత సులువుగా ఆడాడో.

"ఇంకెప్పుడూ సెయ్యి సేసుకోనని గంగమ్మకి మాటియ్యి."

పోతయ్య నోరు తెరిచాడు. అరచేతిలో నీళ్ళ వైపు చూశాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. జరిగిపోయినదాని గురించి ఎవరి ముందు ఏ అబద్ధమైనా ఆడొచ్చు. ఈ నీళ్ళలోకి చూస్తూ, రేపు ఈ చెయ్యి లేవదని తను ఎలా చెప్పగలడు? నిద్ర పట్టాక చెయ్యి తన మాట వినదు. మిగతా మగవాళ్ళకి ఆ ఇబ్బంది లేదు. వాళ్ళ చేతులు వాళ్ళ మాట వింటాయి కాబట్టే వాళ్ళు అంత తేలిగ్గా ఒట్టు వెయ్యగలిగారు.

"ఏటి, సెప్పు," అన్నాడు కాసులు మెత్తగా.

పోతయ్య వేళ్ళు విప్పాడు. నీళ్ళు అరుగు మీద పడి పగుళ్ళలోకి ఇంకిపోయాయి.

"సెప్పలేనన్నా. మల్లీ సేస్తాను. రేపో ఎల్లుండో, నాకు తెలీకుండా సేస్తాను," అన్నాడు. తర్వాత డాక్టరమ్మ చెప్పిందంతా చెప్పాడు. కట్టు వదలడం, కల ఒంట్లోకి దిగడం, మాత్ర, వైర్లు. మధ్యలో మాటలు తడబడితే గురువమ్మ అందుకుంది. పడవలో నిద్రపోకూడదన్న మాట దగ్గర ఆమె ఆగిపోయింది. పోతయ్యే అది కూడా చెప్పేశాడు.

ఈసారి ఎవరూ నవ్వలేదు. కాసులు చెంబు కింద పెట్టి, పోతయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "తప్పు లేదు, కట్టక్కర్లేదు. రోగానికి ఎవుడేటి సేస్తాడు? గాని పోతయ్యా, పడవలో నలుగురి పానాలుంతాయి. నువ్వే సెప్పు, ఎలగ ఎక్కించుకుంతాను?"

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అదే గురువమ్మని ఎక్కువ బాధపెట్టింది.

శనివారం పడవ పోతయ్య లేకుండా వెళ్ళింది. ఆయన చోట్లో ఎక్కినవాడు పోయిన ఏడాది ఇదే అరుగు మీద నీళ్ళు పట్టినవాడు. పెళ్ళాం చెయ్యి విరగ్గొట్టినందుకు. పోతయ్య పడవ నీళ్ళలోకి దిగేదాకా భుజం పెట్టి తోసి, మోకాలి లోతులో ఆగిపోయాడు. సంగతి తెలిసి బబ్లూ ఫోను చేసి చాలాసేపు ఏడ్చాడు. తండ్రి, "ఒరే, ఏడవకురా, మాత్రలేసుకుంటన్నాను కదా," అని వాణ్ణే ఊరుకోబెట్టాడు.

ఇప్పుడు ఆయన ఒడ్డున చిరిగిన వలలు బాగుచేస్తున్నాడు. మధ్యాహ్నం ఆ వలల నీడలోనే విడిగా చాప వేసుకుని పడుకుంటాడు. గురువమ్మ అందనంత దూరంలో కూర్చుని కవళ్ళు ఎండబెడుతుంది. ఒకరోజు ఆయన చేతులు మళ్ళీ లేచాయి. మాత్ర వల్లనేమో, మునుపటంత జోరు లేదు. నెమ్మదిగా, ఒక చేతి వెనక ఒక చెయ్యి. ఒడ్డున పడి ఉన్న మనిషి నిద్రలోనైనా వేటకెళ్తున్నాడు. అది చూస్తుంటే ఆమెకి గుండె నొచ్చింది. నొచ్చినా లేపబుద్ధి కాలేదు.

పక్కన ఎవరో వచ్చి కూర్చున్నారు. ఆదిలక్ష్మి. ఆ రోజు అరుగు దగ్గర్నుంచి మాట్లాడకుండా తప్పుకు తిరుగుతోంది. తనని అల్లరి పెట్టినందుకు సిగ్గుపడుతోందని గురువమ్మ అనుకుంది.

"ఒదిలీ అప్పా. నువ్వు మంచికే సేసినావు," అంది.

ఆదిలక్ష్మి అది విన్నట్టు లేదు. పోతయ్య చేతుల్నే చూస్తోంది.

"లేసినాక ఏటీ గురుతుండదా?"

"ఉండదప్పా. ఏటీ ఉండదు."

"మీ బావకి అంతా గురుతుంటాదే," అంది ఆదిలక్ష్మి. కుడి రవిక చెయ్యి మోచేతి పైదాకా తోసుకుంది. కమిలిన చోట్లలో పాతవి పసుపు రంగుకి తిరిగాయి, కొత్తవి ఇంకా నల్లగానే ఉన్నాయి. ఎండకి పొక్కినవి కావు అవి. "మీ డాట్రమ్మని ఓసారి అడుగు. మెలుకువుండి కొట్టీవోలికి మాత్రలేటన్నా ఉన్నాయేమో."

గురువమ్మ ఆ చేతిని చూసింది, రేవులో పడవ పక్కన నిలబడి కూలీలకి వాటాలు తీస్తున్న కాసులుని చూసింది. పక్కనున్న ఐసు పెట్టె మూత తీసి ఒక ముక్క కొంగులో చుట్టి, ఆదిలక్ష్మి మోచేతి మీద ఆనించి పట్టుకుంది.